మన యూరియా తిని పెరిగిన డెక్క మన పొలానికే రావాలి

కాలువలో గుర్రపు డెక్క తీయించామని బిల్లు రాసిన ప్రతి ఒక్కరినీ ఒకే మాట అడగాలని ఉంది. తీసింది ఎక్కడ పెట్టారయ్యా?

ఎక్కడో కాదు, గట్టు మీదే. నీళ్లకి రెండు బారల దూరంలో. మీ ఊరి మేజరు మీదకో మైనరు మీదకో పోయి చూడండి. పొక్లెయిన్ వచ్చిద్ది, నిగనిగలాడే పచ్చి డెక్కని తోడి గట్టు వాలులో కుప్పలు పోసి పోయిద్ది. ఫోటోలు తీసుకుంటారు. కొలతలు ఎం బుక్కులో ఎక్కుతాయి. కుప్ప పైన ఎండినట్టే కనపడుద్ది, చెయ్యి పెట్టి చూస్తే లోపల పచ్చిగానే ఉంటది. తొలకరిలో ఒక గట్టి వాన పడితే ఆ కుప్పలో సగం జారి మళ్లీ కాలువలోకే దిగుద్ది. నీళ్లు వదిలినాక తేలుకుంటా వచ్చి తూము నోటికి అడ్డం పడుద్ది. చివరి భూముల వాళ్లు నీళ్లు రావట్లేదని గోల పెడతారు. మళ్లీ ఎస్టిమేటు, మళ్లీ పొక్లెయిన్, మళ్లీ అదే గట్టు.

నేను ఇక్కడ లంచాల గురించి రాయట్లేదు. అది రాయాలంటే ఇంకో పోస్టు కావాలి, దానికి ఓపికా కావాలి. పని నిజాయితీగా చేశారనే అనుకుందాం. అయినా అది సగం పనే అంటున్నా. డెక్కని నీళ్లలోంచి తీయడం సగం. అది కుళ్లి ఎరువై పొలంలో పడేది మిగతా సగం. ఆ రెండో సగం చేయకుండా బిల్లు ఇవ్వకూడదు. ఈ పోస్టు మొత్తం ఈ ఒక్క మాట కోసమే రాస్తున్నా. నచ్చకపోతే తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి.

మేం విజయపురి సౌత్ వాళ్లం. డ్యాం మా నెత్తిమీదే ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకి నీళ్లు వదిలారు. కుడి కాలువ పుట్టేది మా దగ్గరే. ఇక్కడ బయల్దేరిన నీళ్లు పల్నాడు, గుంటూరు దాటి ప్రకాశం దాకా పోతాయి. ఒంగోలు జనం తాగే చెరువులు కూడా ఈ నీళ్లతోనే నిండుతాయి. అదే సమయంలో డ్యాం కనపడే దూరంలో ఉండి కూడా గుటకలు మింగే మెట్ట ఊళ్లు మావైపే ఉన్నాయి. వరికపూడిశెల మాట ఎత్తితే ఈ పోస్టు తెల్లారినా అవ్వదు, కాబట్టి ఎత్తను. చెప్పేదేందంటే, ఒక్కో తడి కోసం ఇంత పడిగాపులు కాసే చోట, నీళ్లకి అడ్డం పడే మొక్కని గట్టు మీద పోసి పండగ చేసుకోవడం మనకే చెల్లింది.

పెద్ద కాలువలో నీళ్లు ఉరుకుతున్నంత సేపు డెక్కకి కాలు నిలవదు. నీళ్లు ఆగిన చోట, పారీపారని చోట అది ఇల్లు కట్టుకుంటది. మైనర్ల చివర్లు, మురుగు డ్రెయిన్లు, తూముల వెనక మడుగులు, ఊరి చెరువులు, కుంటలు. అనుకూలం కుదిరితే రెండు వారాల్లో రెట్టింపు అయిద్ది. పైగా ఖాళీ నీళ్లు ఆవిరయ్యేదానికంటే డెక్క కప్పిన నీళ్లు ఎక్కువ ఆవిరైపోతాయి, ఆకులన్నీ పీల్చి గాలికి వదుల్తుంటాయి కాబట్టి. చేపలు పట్టుకునే వాళ్లనడగండి, వల విసిరేదానికి జాగా ఉండదు, కింద నీళ్లకి గాలి ఆడక చేప చచ్చిపోద్ది.

ఇంతకీ అది అంత బలంగా ఎట్టా పెరుగుతుంది? ఏం తిని?

ఇది ఎప్పుడన్నా ఆలోచించారా? డెక్కకి నేలతో పని లేదు. వేళ్లు నీళ్లలో వేలాడుతుంటాయి, నీళ్లలో కరిగి ఉన్నదే దాని తిండి. ఆ నీళ్లలో ఉన్నదేంది? మన వరి మళ్లలోంచి, మిర్చి చేలల్లోంచి కొట్టుకుపోయిన యూరియా, డీఏపీ, పొటాషు. ఊళ్ల మురుగు కూడా కలుస్తుంది, కాదనను. వరికి మనం చల్లే యూరియాలో పైరుకి అందేది సగం కంటే తక్కువే. మిగతాది గాలికీ, భూమిలోకీ, మురుగులోకీ పోయిద్ది. యూరియా కట్ట కోసం 2025 ఖరీఫ్‌లో చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డాం కదా. ఆ కట్టలో ఒక వాటా ఇప్పుడు మీ డ్రెయిన్లో ఊదా పూలు పూసి నవ్వుతుంది. మన డబ్బు అది. దాన్ని తోడి గట్టు మీద పారబోసేదానికి మళ్లీ మన డబ్బే.

ఇక లెక్కకి వద్దాం. ఎందుకంటే ఈ డెక్క గురించి ఫోన్లో వీడియోలు చేసే కొంతమంది ఉన్నారు. "పచ్చ బంగారం", "ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఎరువు", "యూరియాకి గుడ్‌బై" అని. నాకు గట్టు మీద పారబోసేవాళ్ల మీద ఎంత కోపమో వీళ్ల మీద కూడా అంతే కోపం. ఎందుకంటే వీళ్ల మాట నమ్మి ఒక రైతు నాలుగు ట్రక్కులు పచ్చి డెక్క తోలుకుంటాడు, డీజిల్ ఖర్చు చూసుకుని దండం పెట్టి వదిలేస్తాడు. ఆ తర్వాత పదేళ్లు ఆ ఊళ్లో డెక్క ఎరువు మాట ఎత్తనివ్వడు.

పచ్చి డెక్కలో నూటికి 93 నుంచి 95 పాళ్లు నీళ్లే. అంటే టన్ను పచ్చి డెక్క ఎండితే మిగిలేది యాభై అరవై కిలోల చెత్త. ఆ ఎండు చెత్తలో నత్రజని నూటికి రెండు పాళ్లు అటూ ఇటూగా ఉంటది. అంటే టన్ను పచ్చి డెక్క మోస్తే కిలో నత్రజని. 45 కిలోల యూరియా కట్టలో నత్రజని ఇరవై కిలోల పైచిలుకు. ఒక్క యూరియా కట్ట నత్రజనికి సమానం కావాలంటే ఇరవై టన్నుల పచ్చి డెక్క, ట్రక్కుకి మూడు టన్నులేసుకున్నా ఏడు ట్రక్కులు తోలాలి. కట్ట ధర 266 రూపాయల 50 పైసలు. ఏడు ట్రిప్పుల డీజిల్ ఎంత? ఇప్పుడు చెప్పండి, ఇది బంగారమా?

కానీ ఇక్కడ ఆగిపోతే మనం లెక్క రానోళ్లం అవుతాం. అదే డెక్కని గట్టు మీదే పల్చగా పరిచి ఎండనిచ్చి తోలితే? ఆ ఇరవై టన్నులు కాస్తా టన్ను పైచిలుకు అయిద్ది. ఏడు ట్రక్కులు మోసే చోట ఒకటో రెండో ట్రక్కులు. మనం మోసేది ఎరువు అయి ఉండాలి గానీ కాలువ నీళ్లు కాదు. ఇంత చిన్న కిటుకు మన ఎస్టిమేట్లలో ఎక్కడా లేదు.

ఇంకో సంగతి. నత్రజని పక్కన పెట్టండి, డెక్కలో అసలు బలం పొటాషు. ఎండు డెక్కలో నత్రజని కంటే పొటాషే ఎక్కువ ఉంటది. మన దేశంలో పొటాషు గనులు తవ్వి తీసేది లేదు. కెనడా నుంచో, రష్యా నుంచో, జోర్డాన్ నుంచో ఓడల మీద రావాల్సిందే. అక్కడ యుద్ధం వస్తే ఇక్కడ కట్ట ధర పెరుగుద్ది. మిర్చికి, పత్తికి పొటాషు లేకపోతే కాయ ఊరదు, రంగు రాదు అని మీకు నేను చెప్పేదేముంది. ఓడ ఎక్కి వచ్చిన ఆ పొటాషే పొలంలోంచి జారి డెక్క వంట్లోకి చేరింది. దాన్ని గట్టు మీద వానకి నానబెట్టి మళ్లీ నీళ్లలోకి వదుల్తున్నాం. పొటాషుకి వానంటే మహా భయం, ఇట్టే కరిగిపోద్ది. అందుకే కుప్పని వానకి వదిలేస్తే మిగిలేది ఉత్త పీచు.

నత్రజని, పొటాషు కాకుండా మూడో లాభం ఒకటుంది, దాన్ని కట్టల్లో కొనలేం. మన నేలల్లో సేంద్రియం అడుగంటింది. మన తాతల కాలంలో ఏటా పెంట దిబ్బ తవ్వి పొలానికి తోలేవాళ్లు. ఎండాకాలం చెరువు ఎండితే బళ్లు కట్టి చెరువు మట్టి తోలేవాళ్లు. కానుగాకు, వేపాకు కొట్టి మళ్లలో తొక్కేవాళ్లు. ఇప్పుడు అరక ఎద్దులు పోయాయి, ట్రాక్టరు వచ్చింది. ట్రాక్టరు పేడ వెయ్యదు కదా. ట్రక్కు పెంట ధర అడిగితే గుండె ఆగినంత పనయిద్ది. ప్రకృతి వ్యవసాయం చెప్పేవాళ్లు ఘన జీవామృతం చెయ్యమంటారు, మంచిదే, కానీ పేడ ఎక్కడిది అంటే పక్క ఊరి గొడ్ల వైపు చూస్తారు. ఉన్న కాస్త పేడని ఉత్తగా చల్లే బదులు పది పాళ్ల డెక్కకి ఒకటి రెండు పాళ్లు కలిపితే, ఆ కొంచెం పేడే పెద్ద కుప్ప ఎరువుని ముందుకు తోలుద్ది. పెంట లేని కాలంలో పెంటకి ఇదొక దారి. యూరియాకి బదులు కాదు. ఈ రెండూ కలిపి మాట్లాడేవాళ్లని నమ్మొద్దు.

ఇప్పుడు మందు కొట్టే పెద్దమనుషుల సంగతి. తీసే ఖర్చెందుకు, పారబోసే తంటా ఎందుకు, కలుపు మందు కొడితే చచ్చిపోద్ది కదా అంటారు. డ్రోన్లతో కొట్టించడం కూడా ఈ మధ్య చూస్తున్నాం. పని తేలిగ్గా అయిద్ది, నిజమే. పదిహేను రోజుల్లో మాడిపోద్ది. ఆ తర్వాత? చచ్చిన డెక్క ఎటూ పోదు, ఆ నీళ్లలోనే మునిగి కుళ్లుద్ది. అది తిన్న ఎరువంతా మళ్లీ నీళ్లలో కలుస్తుంది. అడుగున ఉన్న గింజలు పదిహేను ఇరవై ఏళ్ల దాకా ప్రాణం పోకుండా బురదలో కాసుకుని ఉంటాయి. రాబోయే డెక్కకి ముందే భోజనం వడ్డించి పెట్టినట్టు. పూడిక పెరుగుద్ది, పూడిక తీసేదానికి ఇంకో ఎస్టిమేటు.

అంతకంటే పెద్ద భయం మనది. ఆకు వెడల్పు కలుపుకి కొట్టే 2,4-డి పత్తికి ఎంత పడదో పత్తి వేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పక్క వరి చేలో కొడితే గాలికి తేలి వచ్చి ఇటు పత్తి ఆకులు కప్ప కాళ్ల మాదిరి ముడుచుకుపోయిన రోజులు చూశాం. మిర్చికీ అంతే. అట్టాంటి మందు నీళ్ల మీద కొట్టి, ఆ నీళ్లే పత్తికీ మిర్చికీ పెట్టుకోమంటే ఎట్టా? ఆ నీళ్లే గొడ్లు తాగాలి. ఆ నీళ్లే ఊళ్ల తాగునీటి చెరువులకి పోవాలి. చుక్క మందు పడ్డ డెక్కని తర్వాత ఎరువుకీ వాడలేం. ఎరువు అయ్యే దాన్ని విషం చేసి మరీ పారేయడం అన్నమాట.

పురుగుల దారి ఒకటుంది. డెక్క పుట్టిన దేశం దక్షిణ అమెరికా. అక్కడ దాన్ని తినే ముక్కు పురుగుల్ని 1980లలో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు తెప్పించి వదిలారు. చెరువుల్లో పనిచేస్తాయి, కానీ ఏళ్లు పట్టుద్ది. కాలువకి అంత ఓపిక లేదు, మనకీ లేదు. చెరువుల వరకు అడగొచ్చు.

ఈ మొక్క మన దేశంలోకి వచ్చింది పూల అందం చూసి. వంద ఏళ్ల పైమాటే. బెంగాల్‌లో నదులన్నీ కప్పేసి, వరి మునిగి, పడవలు కదలక, చివరికి 1936లో అక్కడ గుర్రపు డెక్క మీద ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. చట్టంతో డెక్క పోలేదు, అది వేరే విషయం. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న ఆ దక్షిణపు పల్లెల్లో రైతులు మాత్రం చట్టం కోసం చూడలేదు. డెక్కని నీళ్ల మీదే పొరలు పొరలుగా తొక్కి తేలే మడులు కట్టారు. దాని మీద కూరగాయ నారు, గుమ్మడి, బెండ పండిస్తారు. వరద కాలం అయ్యాక ఆ మడి కుళ్లి ఎరువైతే దాన్ని చేనుకి ఎత్తుకుంటారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2015లో ఆ సాగుని ప్రపంచ వారసత్వ వ్యవసాయం లెక్కన గుర్తించింది. మనం తేలే మడులు కట్టమని నేననట్లేదు. మన కాలువల్లో మడులు కడితే లష్కరు తంతాడు. వాళ్లు దాన్ని చెత్త అని పారబోయకుండా పొలం దాకా తీసుకుపోయారు, మనం చూడాల్సింది అది.

మన పక్కనే తెలంగాణలో, పోచంపల్లి దగ్గర ముక్తాపూర్‌లో గోదాసు నర్సింహ అని ఒకాయన ఉన్నాడు. ఊరి చెరువులో డెక్క బాధ పడలేక సొంతంగా డెక్క కోసి తీసే యంత్రం చేశాడు. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ వాళ్లు ఆయన పనిని గుర్తించారు. ఇంజనీరింగ్ కాలేజీ నుంచి వచ్చిన యంత్రం కాదు, చెరువు గట్టు మీద పుట్టిన యంత్రం. తీసేటప్పుడే ముక్కలైతే ఎరువు చేసేవాడికి సగం చాకిరీ తప్పుద్ది. పొక్లెయిన్‌కి గంటకింత అని పోసే డబ్బులో కొంత ఇట్టాంటి వాటికి పెడితే ఏం పోయిద్ది?

సరే, ఎరువు ఎట్టా చెయ్యాలి. నేను మా పొలం గట్టున కుప్ప వేసి చేసే పద్ధతే చెప్తా.

తీసిన డెక్కని నీళ్లకి దూరంగా, వాన వచ్చినా జారి కాలువలో పడని చోట, పల్చగా పరచాలి. నాలుగైదు రోజులు మంచి ఎండలో వాడనియ్యాలి. పూర్తిగా పెళపెళ ఎండక్కర్లేదు, పట్టుకుంటే మెత్తగా తోలులాగా వంగాలి. గడ్డి కోసే చాఫ్ కట్టరు ఉంటే ముక్కలు చేయండి, లేకపోతే కత్తితో రెండు మూడు తుంపులు. బుడగ లాంటి కాడ చీలితేనే త్వరగా కుళ్లుద్ది. తర్వాత అడుగున పత్తి కట్టె, కంది కట్టె లాంటివి పరవండి, గాలి ఆడేదానికి. దాని మీద జానెడు డెక్క, దాని మీద పేడ నీళ్లు, గుప్పెళ్లతో పొలం మట్టి, కొంచెం వరిగడ్డి. మళ్లీ డెక్క. ఇట్టా నాలుగైదు అడుగుల ఎత్తు దాకా. అంతకంటే తక్కువైతే వేడి పుట్టదు. వేడి పుట్టకపోతే ఈ పని చెయ్యనే వద్దు. ఎందుకో చెప్తా.

వారానికల్లా కుప్ప నడిమిలో చెయ్యి పెడితే కాలాలి, ఎక్కువసేపు పెట్టలేని వేడి రావాలి. ఆ వేడికే డెక్క గింజ, కాడ ముక్క, వేరు ముక్క అన్నీ చస్తాయి. పదిహేను ఇరవై రోజులకి ఒకసారి తిరగెయ్యాలి, బయట ఉన్నది లోపలికి పోయేటట్టు. పిడికిట్లో పిసికితే రెండు మూడు చుక్కలు రావాలి. కారుతుంటే ఎండు గడ్డి కలపండి, పొడిగా ఉంటే నీళ్లు చల్లండి. వానాకాలం అయితే పైన పాత టార్పాలిన్ కప్పండి, పొటాషు కరిగిపోకుండా. రెండున్నర మూడు నెలలకి నల్లగా, మట్టి వాసన వచ్చే ఎరువు అయిద్ది. కంపు కొడుతుంటే ఇంకా కాలేదని అర్థం. వానపాముల తొట్లు ఉన్నవాళ్లు ముందు ఒక నెల ఇట్టా మగ్గనిచ్చి వేడి తగ్గాక వెయ్యండి, పచ్చిది వేస్తే వేడికి వానపాములు చస్తాయి.

కుప్ప వేసేంత ఓపిక లేదంటారా, బాగా ఎండిన డెక్కని మిర్చి సాళ్ల మధ్య, నిమ్మ మామిడి మొదళ్లలో పరవండి. తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుద్ది, అక్కడే కుళ్లి భూమిలో కలుస్తుంది. పూత మీద ఉన్న డెక్కని మాత్రం ఇట్టా వాడొద్దు.

"డెక్క ఎరువు వేస్తే పొలంలో డెక్క మొలుస్తుందంట కదా" అని అడుగుతారు. పత్తి చేలో, మిర్చి చేలో మొలవదు, దానికి నిలవ నీళ్లు కావాలి. వరి మడిలో అయితే, ఎరువు సరిగా కాగకపోతే మొలిచే అవకాశం ఉంది. అందుకే మొదటి రెండు మూడేళ్లు ఆరుతడి పైర్లకే వాడండి, కుప్ప బాగా కాగింది అని మీకే నమ్మకం కలిగినాక వరి సంగతి. ఇంకో ముఖ్యమైన మాట. ఎరువు కోసమని ఎవరూ డెక్కని తెచ్చి తమ కుంటలో వేసుకోవద్దు. డెక్క లేని ఊరి మీదుగా పచ్చి డెక్క ట్రక్కు తోలొద్దు. ఒక్క కాడ జారి చెరువులో పడితే ఆ ఊరికి మనం చేసిన పాపం అది. ఉన్నదాన్ని ఖాళీ చేసేదానికి ఎరువు గానీ, ఎరువు కోసం డెక్క పెంచేది కాదు.

పాములు చేరతాయి అన్నది ఇంకో మాట. చేరతాయి. ఇప్పుడు గట్టు మీద పోసిన కుప్పల్లో కూడా చేరుతున్నాయి కదా. తిరగేసే కుప్పలో కంటే వదిలేసిన కుప్పలోనే ఎక్కువ చేరతాయి.

ఇక అన్ని ఊళ్ల డెక్కా ఒకటి కాదు. ఇది చాలామంది పట్టించుకోరు. డెక్క నీళ్లలో ఎరువునే కాదు, సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి విష లోహాల్ని కూడా పీల్చుకుంటది, ముఖ్యంగా వేళ్లలో. మురుగు నీళ్లు శుభ్రం చేసేదానికి దీన్ని వాడేది అందుకే. మన కుడి కాలువకి వచ్చేది డ్యాం వెనక నీళ్లు. హైదరాబాదు మురుగంతా మోసుకొచ్చే మూసీ డ్యాంకి కింద, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అందుకని కుడి కాలువ మేజర్లు, మైనర్లలో డెక్కకి ఆ భయం లేదు. కానీ పొందుగల, దాచేపల్లి నుంచి కింద పులిచింతల దాకా ఏటి ఒడ్డు రైతులారా, ఏటిలో కొట్టుకొచ్చిన డెక్కని తినే పంటలకి ఎరువు చెయ్యొద్దు. పరీక్ష చేయించకుండా అసలు ముట్టుకోవద్దు. ఊళ్లో కూడా ఫ్యాక్టరీ నీళ్లు, ఆసుపత్రి మురుగు కలిసే డ్రెయిన్ డెక్క అయితే అంతే. అట్టాంటిది తీసి వేరే చోట పూడ్చాల్సిందే. చూశారా, అన్నీ పొలానికే రావాలి అని నేను గుడ్డిగా అనట్లేదు.

ఇప్పుడు అసలు గొడవ. ఇదంతా ఒక్క రైతు చేసేది కాదు. మూడెకరాల కౌలుదారుడికి డెక్క తీసే యంత్రం ఉండదు, కుప్ప వేసే జాగా ఉండదు, గట్టు మీద చెయ్యి పెడితే ఎవరో వచ్చి అదిలిస్తారు. అదే డెక్క తీసే పని డబ్బు ఏటా ఖర్చు అవుతూనే ఉంది. అంటే ఖరీదైన సగం పనికి, నీళ్లలోంచి బయటికి తీసేదానికి, డబ్బు ఇప్పటికే పోతుంది. చౌకైన సగం మాత్రం ఎవరూ చెయ్యట్లేదు. పరిచి ఎండబెట్టి, కుప్ప వేసి, తిరగేసేదానికి పొక్లెయిన్ అక్కర్లేదు, నాలుగు చేతులు చాలు. ఉపాధి పని కింద కంపోస్టు గుంటలు తవ్వించుకునే వీలు ఎప్పటి నుంచో ఉంది. రెండిటినీ కలిపే వాడు లేడు.

కలపాల్సింది నీటి సంఘం. 1997 చట్టంతో ఈ సంఘాలు వచ్చింది కాలువ మన చేతికి ఇచ్చేదానికే. మధ్యలో ఏళ్ల తరబడి ఎన్నికలు లేవు, 2024 డిసెంబరులో జరిగాయి. అప్పుడు చేతులెత్తి ఎన్నుకున్నాం కదా. అధ్యక్షుడి మెడలో దండ వేశాం, ఫ్లెక్సీ కట్టాం. ఆ తర్వాత మన మైనరులో డెక్క ఎవరు తీస్తున్నారో, ఎంతకి తీస్తున్నారో, ఎక్కడ పోస్తున్నారో అడిగామా? మన పార్టీ మనిషి అధ్యక్షుడైతే అడగం, అవతలి పార్టీ అయితే తిట్టేదానికే అడుగుతాం. పల్నాడులో ప్రతిదీ ఇట్టానే తయారైంది. డెక్కకి పార్టీ లేదయ్యా. అది అన్ని తూములకీ అడ్డం పడుద్ది.

ఈసారి సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టించండి. డెక్క తీసే పనిలో నాలుగు మాటలు రాయించమనండి. తీసింది గట్టు వాలులో కాకుండా, నీళ్లు తాకని, సంఘం చూపించిన జాగాలో పరవాలి. ఎండినాక కుప్ప వేయించాలి. కుప్ప పూర్తయి, కాలువలోకి ఏదీ జారలేదు అని ఆ మైనరు కింది రైతులు సంతకం పెడితేనే చివరి బిల్లు. తయారైన ఎరువు ఆ మైనరు కింద వాళ్లకే, అందులో మొదటి వాటా చివరి భూముల వాళ్లకి, ఎందుకంటే డెక్క వల్ల ఎక్కువ నష్టపోయేది వాళ్లే. కౌలు చేసేవాడికి వాటా ఇవ్వాలి, భూమి పాసుబుక్కు ఎవరి పేరున ఉందో వాళ్లకి కాదు. కలుపు మందు కొట్టాలంటే ముందు ఊళ్లో చాటింపు వేయాలి, పత్తి మిర్చి ఉన్న కాలంలో అసలు కొట్టకూడదు.

"ఎస్టిమేటులో అట్టాంటి ఐటమ్ లేదండీ" అంటారు. అంటారు, నాకు తెలుసు. లేకపోతే పెట్టమనండి. గట్టు మీద పోసే ఐటమ్ కూడా ఒకప్పుడు ఎవరో రాసిందే కదా.

జాగా లేదంటారు. కాలువ పక్కన పనికిరాని పోరంబోకు లేని ఊరు నాకు ఒకటి చూపించండి. కూలీలు రారంటారు. కాలువ కట్టేసిన ఎండాకాలం మూడు నెలలు ఊళ్లో పని లేక మనవాళ్లు ఎక్కడెక్కడికో పోతున్నారు. ఎరువు తక్కువ వచ్చిద్ది, అందరికీ చాలదు అంటారు. చాలదు, నిజమే. పోయినేడు గట్టు మీద కుళ్లింది కూడా చాలలేదుగా.

నీళ్లు కట్టేసే రోజులు దగ్గర పడగానే డెక్క పనులు మొదలవుతాయి. అప్పుడు మీరు చెయ్యాల్సింది చిన్న పని. మీ మైనరులో తీసిన చోటుకి పోయి కుప్పని ఒక ఫోటో తీయండి. అదే చోట నిలబడి, తొలకరి వాన పడిన తెల్లారి ఇంకో ఫోటో తీయండి. తేదీలు, మైనరు పేరు రాసి సంఘం అధ్యక్షుడికి పంపండి. నాకూ పంపండి, ఇక్కడ పెడతా. మీ ఊళ్లో ఎవరన్నా నిజంగా కుప్ప వేయించి ఎరువు పంచి ఉంటే ఆ ఫోటో కూడా పంపండి, అది ముందు పెడతా.